మా రోజుల్లో ఆకాశం చూసి రాసేవాళ్ళం

మృగశిర కార్తె వచ్చి వారం దాటినా చుక్క వాన లేదు. పొద్దున్న కాఫీ తాగుతూ మనవరాలిని "బయట ఎలా ఉందమ్మా?" అని అడిగాను. గుమ్మం దాకా నాలుగడుగులు వేసి తలెత్తితే తెలిసే సంగతి. ఆ పిల్ల మంచం దిగకుండానే ఫోను తీసి, "థర్టీ సిక్స్ తాతా, ఫీల్స్ లైక్ ఫార్టీ వన్" అంది. ముప్పై ఆరు సరే, ఆ నలభై ఒకటి ఎవరికనిపిస్తోందే అన్నాను. "ఎవరికీ కాదు తాతా, ఇట్ ఫీల్స్" అంది. మా రోజుల్లో ఎండ ముందు వీపుకు తెలిసేది, తరవాత నోటికొచ్చేది, ఆ తరవాతే ఇంగ్లీషులోకి వెళ్ళేది. ఇప్పుడు ఇంగ్లీషు ముందొచ్చేసింది, వీపు ఏసీ గదిలోనే ఉండిపోయింది.

ఇంగ్లీషు గురించి నీకేం తెలుసని మీరడగొచ్చు. అడగండి, చెప్తాను. మా నాన్నది బొబ్బిలి దగ్గర పల్లె. 1955 ఫిబ్రవరి 2న రష్యా వాళ్ళతో ఒప్పందం కుదిరి రాయపూర్ దగ్గర భిలాయిలో ఉక్కు కర్మాగారం కడుతున్నారని, రెండు చేతులుంటే చాలు పని దొరుకుతుందని విని, విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే ప్యాసింజరు ఎక్కినవాళ్ళలో ఆయనొకరు. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే ఆ లైను 1931లో పూర్తయింది. అది లేకపోతే ఈవేళ భిలాయి ఖుర్సీపార్‌లోనూ మా టౌన్‌షిప్ సెక్టర్లలోనూ ఇంత తెలుగు వినపడేది కాదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. తరవాత మాకు సెక్టర్ 7లో క్వార్టరు వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, మైదానంలో ఛత్తీస్‌గఢీ. ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలైంది. అంటే ఏ బీ సీ డీ దిద్దేనాటికే మాకు మూడు భాషల్లో వాన తెలుసు. ఇప్పటి పిల్లలకి మూడో ఏట ఇంగ్లీషు మొదలు, పదమూడో ఏటికి ఒక్క భాషలోనూ వాన తెలీదు.

మా ఇంగ్లీషు మాస్టారు మలయాళీ. భిలాయిలో దేశమంతా ఒక్కచోటే ఉంటుంది కదా, లెక్కలకి బెంగాలీ ఆయన, డ్రిల్లుకి పంజాబీ ఆయన. ఈయన నల్లబల్ల కుడివైపు పైమూల చిన్న గడి గీయించారు. అందులో రోజూ తేదీ, వారం, వాటి కింద వాతావరణం గురించి ఒక్క వాక్యం ఉండాలి. వంతు వచ్చినవాడు లేచి, వరండా దాటి, మెట్లు దిగి, మైదానం మధ్యకెళ్ళి నిలబడి, నలువైపులా చూసి వచ్చి రాయాలి. కిటికీలోంచి చూసి రాస్తే ఒప్పుకునేవారు కాదు. నిన్నటి మాటే మళ్ళీ రాస్తే, "ఆకాశం నిన్నటిదేనా?" అని అడిగేవారు. అవును సార్ అంటే సరే, కాదంటే ఇంకో మాట వెతుక్కోవాలి. సన్నీ, క్లౌడీ, విండీ, మిస్టీ, సల్ట్రీ. సల్ట్రీ అన్న మాట ఆయన ఇచ్చింది రోహిణి కార్తెలో. అప్పటిదాకా ఉక్కపోతకి ఇంగ్లీషులో పేరుందని మాకు తెలియదు. చొక్కా వీపుకి అతుక్కుని ఉండగా నేర్చుకున్న మాట అది. అరవై ఏళ్ళైనా ఊడలేదు.

నా వంతు వచ్చిన రోజు వాన. తడుస్తూ వచ్చి "రెయిన్ ఈజ్ కమింగ్" అని రాశాను. ఆయన తుడిపి "ఇట్ ఈజ్ రెయినింగ్" అని రాశారు. నాకు అర్థం కాలేదు. ఎవరు సార్ ఈ ఇట్ అని అడిగాను. "ఎవరూ కాదు. మీ భాషలో కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది. ఇంగ్లీషు వాక్యానికి కర్త ఉండి తీరాలి. ఎవరూ దొరక్కపోతే ఆ ఇట్‌ను తెచ్చి నిలబెడతారు" అన్నారు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ పొయ్యి ఊదుతూ విని, "ఎవరూ కాకపోవడం ఏట్రా? వరుణుడై ఉంటాడు. పేరు ఎత్తకూడదని అలా అంటారు కాబోలు" అంది. అక్షరమ్ముక్క రాని మా అమ్మ చెప్పిన ఆ వ్యాకరణం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. వానని చూసి దణ్ణం పెట్టే ఇంట్లో ఆ కర్తకి ఒక ముఖం ఉండేది.

ఇంతకీ, మన భాషలో ఎంత సొగసుందో గమనించారా? మనకి ఒక్కో వాతావరణానికి ఒక్కో క్రియ. ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, గాలి వీస్తుంది, చలి వేస్తుంది, ఉక్క పోస్తుంది, పిడుగు పడుతుంది, మబ్బు కమ్ముతుంది, ముసురు పట్టుకుంటుంది. ఎండని కురిపించి చూడండి, చెవి ఒప్పుకోదు. ఛత్తీస్‌గఢీ స్నేహితులు "పానీ గిరత్ హే" అనేవారు, నీళ్ళు పడుతున్నాయని. వాళ్ళు ఝడీ అంటే మేము జడి అనేవాళ్ళం. ఇద్దరం ఒకే వానలో తడిసేవాళ్ళం కదా, ఆ వాన పేరూ ఒకటే. వాళ్ళు నౌతపా అనే తొమ్మిది రోజుల మండుటెండ మన రోహిణి కార్తెతోనే మొదలవుతుంది, మే 25 ప్రాంతంలో. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మా అమ్మ అంటుంటే పక్క క్వార్టరు ఆవిడ తొమ్మిది రోజులూ వేళ్ళ మీద లెక్కపెట్టేది. రష్యన్‌లో అయితే వాన నడుస్తుందట. వాళ్ళ మాటను ఉన్నదున్నట్టు తిప్పితే వాన వెళుతోందని వస్తుంది. ఇన్ని చూశాక మేము ఇంగ్లీషు ఇట్ దగ్గరకి వచ్చాం. అందుకే దాని విలువ తెలిసింది, దాని వింతా తెలిసింది. పిల్లలూ, మీకు ఆ ఇట్ ఒక్కటే ఇచ్చి, మిగతావన్నీ తీసేసుకున్నారు.

రష్యా వాళ్ళంటే గుర్తొచ్చింది. మా నాన్న రిగ్గరు. బరువులకి తాళ్ళు కట్టి క్రేనుకి సైగ చేసే పని. ఆయన రష్యన్లతో కలిసి పనిచేశారు. పైకెత్తమంటే వీరా, దించమంటే మైనా, బాగుందంటే హరషో. ఇవి కాక రెండు పక్షాలకీ వచ్చిన ఇంగ్లీషు మాటలు ఓ యాభై ఉంటాయేమో. "ప్లేట్ హాట్." "రోప్ ఓల్డ్." "వెదర్ బ్యాడ్." ఈజ్ లేదు, ద లేదు, ఎ లేదు. నేను ఇంగ్లీషు నేర్చుకుంటున్న గర్వంలో, నాన్నా నువ్వు తప్పు మాట్లాడుతున్నావ్ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చాలా ఏళ్ళకి గాని నాకు తెలియలేదు, రష్యన్ భాషలో ఎ, ద అనేవే లేవని, వర్తమానంలో ఈజ్ చెప్పరని. మనకీ అంతే కదా, "తాడు పాతది" అంటాం, అక్కడితో వాక్యం పూర్తి. ఉరల్ కొండల వైపు మనిషీ బొబ్బిలి మనిషీ ఇంగ్లీషులో ఒకే చోట తప్పు చేసి, అందుకే ఒకరికొకరు పూర్తిగా అర్థమయ్యారు. వ్యాకరణం లేని ఆ మాటల్లో ఒక్క అబద్ధపు విశేషణం లేదు. తాడు పాతదంటే పాతదే. ఆ మాట మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

విశేషణాల దగ్గరకే వస్తున్నాను. నా సణుగుడంతా వాటి గురించే. శుక్రవారం నాడు మాస్టారు మాలో ఒకరిని ఇంటి నుంచి ఏదైనా వస్తువు తెమ్మనేవారు. ఒకసారి నేను మా ఇంటి చెంబు తీసుకెళ్ళాను. బల్ల మీద పెట్టి వర్ణించమన్నారు. చిన్నది, పాతది, గుండ్రటిది, ఇత్తడిది. ఈ నాలుగూ ఏ వరసలో పెట్టాలో ఇంగ్లీషులో ఓ పద్ధతుంది: పరిమాణం ముందు, తరవాత వయసు, ఆపైన ఆకారం, రంగుంటే రంగు, చివర దేనితో చేశారో అది. "ఎ స్మాల్ ఓల్డ్ రౌండ్ బ్రాస్ పాట్." కంఠతా పట్టాలేమోనని భయపడ్డాను. తెలుగులో చెప్పి చూడమన్నారాయన. చిన్న పాత గుండ్రటి ఇత్తడి చెంబు. అదే వరస! ఇత్తడి గుండ్రటి పాత చిన్న చెంబు అంటే వాక్యం కుంటుతుంది. ఇంకో సంగతి, హిందీలో కాలా ఘోడా, కాలీ గాయ్, కాలే బాదల్ అని విశేషణం నామవాచకంతో పాటు మారుతుంది. తెలుగులో నల్ల గుర్రం, నల్ల ఆవు, నల్ల మబ్బులు. ఇంగ్లీషులోనూ బ్లాక్ ఒక్కటే. మా తెలుగు పిల్లలకి ఇంగ్లీషు విశేషణం సొంత చుట్టంలా అనిపించింది. తరవాత రెన్ అండ్ మార్టిన్ పుస్తకం చేతికొచ్చింది, దాన్ని సవరించిన ఎన్.డి.వి. ప్రసాదరావు గారి పేరు అట్ట మీద చూసి తెలుగు పేరేనని మురిసిపోయాం. కానీ ఆ పుస్తకం కన్నా ముందు మాకు ఆ చెంబు ఉంది.

ఇప్పుడో? అదే చెంబు ఇంకా మా ఇంట్లో ఉంది. మొన్న మనవరాలికి చూపించి, చెప్పవే అన్నాను. "నైస్" అంది. ఆవకాయ నైస్, మైత్రీబాగ్ జూలో తెల్ల పులి నైస్, ముసురు పట్టిన సాయంత్రం నైస్. ఇంకాస్త ఇష్టమైతే ఆసమ్, మరీ ఇష్టమైతే టూ గుడ్. నాయనలారా, నైస్ అన్న మాట లాటిన్‌లో ఏమీ తెలియనివాడు అన్న మాట నుంచి పుట్టింది, ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో మూర్ఖుడు అని అర్థం. ఆసమ్ అంటే ఒళ్ళు గగుర్పొడిచే భయభక్తులు కలిగించేది. పిడుగు ఆసమ్. నూడుల్స్ ఎలా అవుతాయి?

టూ గుడ్ మాట వింటే నాకు రెయిల్ మిల్లు గుర్తొస్తుంది. నేను భిలాయి కర్మాగారంలోని ఆ మిల్లులో పనికి చేరిన కొత్తలో షిఫ్ట్ లాగ్‌బుక్ ఇంగ్లీషులో రాయాలి. ఒక రాత్రి "బేరింగ్ టూ హాట్" అని రాసి సంతకం పెట్టాను. ఫోర్‌మన్ గారు పుస్తకం పట్టుకుని నా దగ్గరకి వచ్చి, "మిల్లు ఆపమంటావా, నడపమంటావా?" అని అడిగారు. అప్పుడు చెప్పారు తేడా. వెరీ హాట్ అంటే బాగా వేడిగా ఉంది, కనిపెట్టుకుని ఉండాలని. టూ హాట్ అంటే ఉండవలసిన హద్దు దాటింది, ఇక నడపకూడదని. చెయ్యి దగ్గరగా పెట్టి చూసి వచ్చి, టూ కొట్టేసి వెరీ రాశాను. స్కూల్లో రెండేళ్ళు చదివినా తలకెక్కని తేడా ఒక్క రాత్రిలో ఎక్కింది. ఇప్పుడెవరైనా నా వంటని టూ గుడ్ అంటే, ఆపమంటున్నారా అనిపిస్తుంది నాకు.

రంగులూ అంతే. కాలిన ఉక్కుని చూసి దాని వేడి చెప్పే పెద్దలు ఉండేవారు. మసక ఎరుపు ఒక వేడి. చెర్రీ ఎరుపంటే దాదాపు 750, 800 డిగ్రీలు. నారింజ రంగుకి వస్తే 900 దాటినట్టు. పసుపైతే వెయ్యి పైన. తెల్లబడితే 1300 దగ్గర. చెర్రీ పండు మా జట్టులో ఎవ్వరం చూడలేదు. పండుమిరప రంగు అనుకునేవాళ్ళం, పని జరిగిపోయేది. ఎరుపులో రెండు ఎరుపుల మధ్య వందల డిగ్రీల తేడా ఉన్నప్పుడు ఉత్త రెడ్ అని ఊరుకోలేం కదా.

రేడియో మాకు ఇంకో బడి. క్రికెట్ వ్యాఖ్యానం వినడం ఆట కోసమే కాదు. కళ్ళకి కనపడని మైదానాన్ని మాటలతో కట్టేవాళ్ళు. మా నాన్నకి విజ్జీ అంటే అభిమానం, విజయనగరం మహరాజకుమార్, 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన మన జట్టుకి కెప్టెన్, తరవాత రేడియో వ్యాఖ్యాత. మన జిల్లా మనిషి ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడని అర్థం కాకపోయినా కూర్చుని వినేవారు. ఓవర్‌కాస్ట్, డ్రిజిల్, బ్యాడ్ లైట్, డ్యాంప్ పిచ్ అన్నవి నేను రేడియో దగ్గర ఏరుకున్నవే. మబ్బు కమ్మితే ఓవర్‌కాస్ట్, తుంపరైతే డ్రిజిల్, జల్లైతే షవర్. టీవీ వచ్చింది, అంతా కనపడుతోంది, ఇక చెప్పేదేముందని వర్ణించడమే మానేశారు.

మాటకి కొలత ఇంకా మిగిలి ఉన్న చోటు ఒకటుంది, వాతావరణ శాఖ. వాళ్ళ బులెటిన్ చదవండి, నా మాట నమ్మండి, ఇంగ్లీషు విశేషణాలకి అంతకన్నా మంచి పాఠం లేదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే గాని హెవీ అనరు. 115.6 దగ్గర వెరీ హెవీ. 204.4 దాటితేనే ఎక్స్‌ట్రీమ్లీ హెవీ. గాలి గంటకి 62 కిలోమీటర్లకి చేరితేనే తుపాను, అంతకు ముందు అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం. 89 దగ్గర సివియర్, 118 దగ్గర వెరీ సివియర్. అంటే వెరీ అన్న రెండక్షరాల మాట రావాలంటే ఇన్ని కొబ్బరిచెట్లు వంగాలి. మీరు దాన్ని ఐస్‌క్రీముకి వాడేస్తున్నారు.

ఆ శాఖ వాళ్ళ మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. మా రోజుల్లో తుపానులకి పేర్లు లేవు. ఊరి నుంచి కార్డు ముక్క వచ్చేది: పెద్ద గాలివాన, పాక ఎగిరిపోయింది, ఆవు దక్కింది. అంతా తెలిసిపోయేది. బంగాళాఖాతం తుపానులకి 2004 నుంచి పేర్లు పెడుతున్నారు. విశాఖను 2014 అక్టోబరు 12న కూల్చినదాని పేరు హుద్‌హుద్, ఒక పిట్ట పేరు, ఒమన్ ఇచ్చింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసినదాని పేరు తిత్లీ, పాకిస్తాన్ ఇచ్చింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక! ముప్పై ఏళ్ళ చెట్టు పోగొట్టుకున్న రైతుకి ఆ పేరు ఎలా చెప్పను? పేరు గుర్తుండడానికని అంటారు, హెచ్చరిక త్వరగా చేరుతుందంటారు, ప్రాణాలు దక్కుతున్నాయంటారు. నిజమే, అది కాదనను. కార్డు ముక్క వచ్చేసరికి వారం అయ్యేది, ఆ వారం అమ్మ అన్నం సరిగ్గా తినేది కాదు.

ఇలాంటి చోట్ల నా వాదన కాస్త మెత్తబడుతుందని ఒప్పుకుంటాను. లాంగ్, లాంగర్, లాంగెస్ట్ నేర్పేటప్పుడు మాస్టారు మూడు కర్రలు చూపించారు. నేను మిల్లులో చేరినప్పుడు 13 మీటర్ల రైలు పట్టాయే మాకు లాంగ్. ఇప్పుడు ఇదే ఊళ్ళో కొత్త మిల్లు ఒకే ముక్కగా 130 మీటర్ల పట్టా తీస్తోంది, వాటిని అతికించి 260 మీటర్లవి పంపుతోంది. లాంగెస్ట్ మాకు దొరకలేదు, మీకు దొరికింది. ఇక్కడ మీ కాలానిదే పైచేయి.

ఇంకొకటీ ఉంది. మొన్న సాయంత్రం, చివరికి, తొలకరి పడింది. నాలుగు చినుకులకే మట్టి వాసన లేచింది. మనవరాలు గేటు దగ్గరకి పరిగెత్తి, కళ్ళు మూసుకుని, "తాతా, పెట్రికోర్!" అంది. నా పాత శంకరనారాయణ నిఘంటువు తీసి చూశాను, లేదు. ఉండదు, ఆ మాట పుట్టిందే 1964లో. ఆస్ట్రేలియాలో బేర్, థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, ఎండిన నేల మీద వాన పడితే లేచే వాసనకి పెట్టిన పేరని ఆ పిల్లే చెప్పింది. మన కన్నౌజ్‌లో అత్తరు చేసేవాళ్ళు ఆ వాసనని ఎప్పటి నుంచో సీసాల్లో పడుతున్నారని, మిట్టీ అత్తరు అంటారని, ఆ శాస్త్రవేత్తలే రాశారట. నేను మైదానం మధ్యలో నిలబడి సల్ట్రీ నేర్చుకుంటున్న ఏళ్ళలో ఈ మాట పుట్టి, అరవై ఏళ్ళు తిరిగి, నా గేటు దగ్గర, నా మనవరాలి నోట వినపడింది. ఆ క్షణాన దాని చేతిలో ఫోను లేదు. ముక్కుకి వాసన తగిలాకే నోటికి మాట వచ్చింది. నేను ఇన్నేళ్ళుగా అడుగుతున్నది అదే.

అందుకే పిల్లలూ, మీ ఇంగ్లీషు నా ఇంగ్లీషు కన్నా మంచిదే. నేను ఈనాటికీ ద ఎక్కడ పెట్టాలో ఒక్క క్షణం ఆగుతాను, మీరు ఆగరు. కాని మాట వస్తువు దగ్గరకి నడిచి వెళ్ళి తెచ్చుకోవలసింది. ఇంటికి రాదు. మా వంటింటి తలుపు వెనక నిన్న ఒక పలక తగిలించాను. కుడివైపు పైమూల గడి గీశాను. రేపటి వంతు మనవరాలిది. మీ ఇంట్లోనూ ఒకటి తగిలించండి. పొద్దున్నే బయటికి వెళ్ళి, ఆకాశం చూసి వచ్చి, తెలుగులో ఒక మాట, ఇంగ్లీషులో ఒక వాక్యం రాయండి. నిన్నటి మాట రాయాలనిపిస్తే ఇంకోసారి వెళ్ళి చూసి రండి.